పెద్దయ్యగారికొచ్చిన వాక్యం

సంఘపెద్ద జెకర్యా ఏ పని చేయాలన్నా బైబిలు వాక్యాల చీటీలుండే డబ్బాలోంచి ఒక చీటీ తీసేవాడు. ఎవరు తీసిన వాక్యం వాళ్లకే దేవుడి మాట అని ఆ ఊళ్లో నమ్మకం. ఓ ఉదయం చీటీ పట్టుకుని గొర్రెలు కాసే తబిత గుమ్మంలోకొచ్చాడు.

"అడిగినవాళ్లకి లేదనకుండా ఇవ్వమని వచ్చిందమ్మా. నీ పొట్టేలు కావాలి."

తబిత మందకంతటికీ ఉన్నది ఆ ఒక్క పొట్టేలే.

"చీటీ తీసిందెవరు పెద్దయ్యగారూ?"

"నేనే! ఈ చేత్తోనే!"

"అయితే ఇవ్వమన్నది మిమ్మల్నేగా! అడుగుతున్నా, మీ పాడిగేదెని ఇప్పించండి."

జెకర్యా చీటీని గబుక్కున జేబులో కుక్కుకున్నాడు. "ఉండు, ఇంకోటి తీసొస్తా."

"తీయండి. కాకపోతే ముందు కాస్త బుద్ధి ఇమ్మని దేవుణ్ణి అడగండి. అడిగితే ఆయనా లేదనడు."