మూడుసార్లు వచ్చినవాడు

యామినికి పట్టుకున్న దిగులు ఒక్కటే. పిల్లలు రావడం లేదు.

కడప దాటాక రోడ్డు పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో కౌన్సెలింగ్ కేంద్రం పెట్టి ఏడాది కావస్తోంది. దాన్ని చూసుకునేది రహమతుల్లా మాస్టారు. ముప్ఫయ్యేళ్లుగా మనసు బాగోలేని వాళ్ల మాటలు వింటూ వచ్చిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది యామిని. యూనివర్సిటీలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. నిద్ర గురించైనా, పరీక్షల భయం గురించైనా ఏది అడిగినా తడుముకోకుండా చెప్పగలదు.

అడిగేవాళ్లే లేరు.

ఒకరోజు రిజిస్టరు తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"చెన్నకేశవ అని, మెకానికల్ రెండో సంవత్సరం. క్లాసులకు వెళ్లడం లేదు, మెస్సులో అన్నం ముట్టడం లేదని వార్డెన్ ఇతని పేరు పంపించారు. మూడుసార్లు టైమిచ్చాను మాస్టారూ. మూడుసార్లూ రాలేదు. పేరు కొట్టేద్దామా? తనకే అక్కర లేనప్పుడు మనమేం చేస్తాం?"

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"రేపు పదకొండింటికి నువ్వు రామ్మా. నాతో మాట్లాడుదువుగాని."

"నాకేం బాధ లేదు మాస్టారూ."

"చాలామంది అలాగే అంటారు" అని, పిల్లలకిచ్చే చీటీ మీదే ఆమె పేరూ టైమూ రాసి చేతిలో పెట్టారు.

మర్నాడు పదకొండుకి ఐదు నిమిషాల ముందే కేంద్రం గదికి వెళ్లింది. లోపల్నుంచి తలుపేసి ఉంది. "బెంచీ మీద కూర్చోమ్మా, పిలుస్తాను" అన్నారు మాస్టారు లోపలి నుంచే.

కూర్చుంది. తల మీద 'మానసిక సలహా కేంద్రం' అని పెద్ద బోర్డు. ఎదురుగా పరీక్షల సెక్షను కిటికీ. ఆ బోర్డు నలుగురికీ కనపడాలని అక్కడ పెట్టించింది తనే.

ఇంటర్వెల్ గంట కొట్టారు. హాల్‌టికెట్ల కోసం కిటికీ ముందు వరస కట్టారు పిల్లలు. వరసలో నిలబడ్డవాళ్లకి చూడ్డానికి ఇంకేముంది? బోర్డు చూశారు. బోర్డు కింద కూర్చున్న మనిషిని చూశారు. ఎవరో పక్కవాడి చెవిలో ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. తన గురించే అయ్యుండకపోవచ్చు. అయినా యామిని చెవులు వేడెక్కాయి. చీటీని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఫిజిక్స్ మేడం అటు వెళ్తూ ఆగింది. "ఏంటి యామినీ, ఇక్కడ కూర్చున్నావు? ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం లేదు మేడం, ఫైలు కోసం" అంది యామిని.

అనేశాక ఇక అక్కడ కూర్చోలేకపోయింది. లేచి, ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, లైబ్రరీ వైపు నడిచింది. వరస కరిగిపోయాకే తిరిగొచ్చింది.

తలుపు తీసి ఉంది. రిజిస్టరులో తన పేరు. దాని పక్కన మాస్టారు రాసిన మాట: రాలేదు.

"వచ్చాను మాస్టారూ" అంది.

ఆయన రిజిస్టరు మూసి, సొరుగులో పెట్టేశారు.

యామిని చెన్నకేశవని వెతుక్కుంటూ బయల్దేరింది. హాస్టల్లో లేడు. వర్క్‌షాపు వెనక గచ్చు మీద, గోడకి ఆనుకుని ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి అబ్బాయి. ఈమెను చూసి లేవబోయాడు.

"కూర్చో. ఏమీ అడగను. నేనూ కాసేపు కూర్చోనా?"

తలూపాడు. గచ్చు మీద దుమ్ము తుడవకుండానే కూర్చుంది. లోపల ఎవరో ఇనుముని ఆకురాయితో అరగదీస్తున్న చప్పుడు. చాలాసేపటికి అతనే నోరు విప్పాడు.

"నేను వచ్చినా మేడం. మూడుసార్లూ వచ్చినా. ఆడ మా క్లాసోళ్లు నిలబడి ఉన్నారు. పిచ్చోడంటారని ఎనక్కి పోయినా."

"నేనూ ఇవాళ వెనక్కి పోయాను" అంది యామిని.

అతను తలెత్తి చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టని సంగతి, పోయిన సబ్జెక్టుల సంగతి, ఇంట్లో దాచిన సంగతి. మధ్యలో ఆగిపోయినప్పుడు యామిని నెమ్మదిగా, సూటిగా అడిగింది. "చచ్చిపోవాలనిపించిందా కేశవా?"

"అనిపిచ్చింది మేడం. ఎవురూ అడగలా."

ఆమె నేర్చుకున్న పాఠాల్లో ఒక్కటీ అప్పుడు వల్లించలేదు. పక్కనే ఉంది. మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన వర్క్‌షాపు వెనక్కే వచ్చారు. ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు చూసి మందులు రాశాడు. వాళ్లన్న వచ్చేదాకా ఒంటరిగా వదలొద్దన్నాడు. వదల్లేదు. సాయంత్రం క్యాంటీన్లో ఆ అబ్బాయి రెండు దోసెలు తిన్నాడు.

తమ్ముణ్ని అన్నకి అప్పగించి వస్తూ యామిని అడిగింది. "మాస్టారూ, ఆ గది అక్కడ పనికిరాదు. కాలేజీ వాళ్లని ఇంకెక్కడ గది అడుగుదాం?"

"వాడు ఇవాళ ఎక్కడ మాట్లాడాడమ్మా?"

"గచ్చు మీద."

"అయితే గది దొరికినట్టే" అన్నారు మాస్టారు.