వేడినీళ్ళు వచ్చేదాకా

మంగతాయారు గారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. ఆవిడ దగ్గర హరికథ నేర్చుకున్న శిష్యురాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అడిగిన ప్రశ్నను ఆవిడ కొంగున ముడి వేసుకుంటారు. ఆ ముడి రైల్లో విప్పుతారో, వంటింట్లో విప్పుతారో, నలుగురి ముందూ విప్పుతారో ఆవిడకే తెలియదు. పుస్తకాల్లో గురువులు తీరిగ్గా కూర్చుని శిష్యుడి సందేహాన్ని ఒక్క శ్లోకంతో తీర్చేస్తారు. ఆ గురువులెవరూ కార్తీకమాసంలో పూటకో ఊళ్ళో గజ్జె కట్టినవాళ్ళు కారు. కట్టి ఉంటే వాళ్ళకూ శ్లోకాలు గుర్తుండేవి కావు.

ఆవిడ శిష్యురాళ్ళలో సువర్చలకు గొంతు ఉంది. అడుగులో ఒడుపు ఉంది. పద్యం ఎత్తుకుంటే వయొలిన్ సూరన్న గారు ఒక్కోసారి కమాను ఆపేసి వింటూ ఉండిపోతారు. లేనిది ఒక్కటే. కథ మధ్యలో జనాన్ని నవ్వించడానికి పిట్టకథ చెబుతారే, ఆ పిట్టకథకు ఈ పిల్ల దగ్గర ఎవరూ నవ్వరు. నవ్వకపోయేసరికి సువర్చలకు కంగారు పుడుతుంది. కంగారులో గొంతు పెంచుతుంది. దానికీ కదలకపోతే చిడతలు గలగలలాడించి గిర్రున ఓ చుట్టు తిరుగుతుంది. అప్పటికీ కాకపోతే "అంటే ఏమిటంటేనమ్మా" అని, చెప్పిన హాస్యాన్నే మళ్ళీ విడమరిచి చెబుతుంది. విడమరిచిన హాస్యం తొక్క ఒలిచి ఎండలో పెట్టిన అరటిపండు. దాన్ని ఈగ కూడా ఆలోచించి ముట్టుకుంటుంది. మొదట వెనక వరసలు లేస్తాయి, తరవాత మధ్య వరసలు. కిందటి ఊళ్ళో పిట్టకథ ముగిసే వేళకు పందిట్లో కంటే బజ్జీల బండి దగ్గరే ఎక్కువమంది ఉన్నారు.

అనకాపల్లి బస్సులో సువర్చల ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, నాలో తక్కువేమిటి? మీరు చెప్పే పిట్టకథే చెబుతున్నాను. మీ మాటలే, మీ విరుపులే. మీకు నవ్వుతారు, నాకు లేచిపోతారు."

మంగతాయారు గారు కిటికీ లోంచి చెరకు తోటలు చూస్తున్నారు.

"ఈ ఊళ్ళో కూడా లేచిపోతే గజ్జెలు విప్పి మీ ఒళ్ళో పెట్టేస్తాను. మా వదిన కుట్టుమిషన్లు కొంది. ఒకటి నాకోసం ఖాళీగా ఉంచానంటోంది. జాకెట్లు కుడుతూంటే మధ్యలో ఎవరూ లేచిపోరు కదా."

"చంక దగ్గర బిగిస్తే తెచ్చి మొహాన కొడతారు," అన్నారు ఆవిడ. అని కళ్ళు మూసుకున్నారు.

గజ్జెలు విప్పేస్తానన్నది సువర్చల ఊరికే అన్న మాట కాదు. ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు పైడిరాజు రెండు రోజుల ముందే ఫోను చేసి, "ఆ పిల్లదాని చేత వద్దండమ్మా, మా జెనం లెగిసిపోతారండి, మొత్తం మీరే చెప్పండి" అన్నాడు. "మొదటి గంట ఆ పిల్లదే. కాదంటే వేరే భాగవతారిణిని చూసుకో నాయనా" అని ఆవిడ ఫోను పెట్టేశారు. సువర్చల అప్పుడు పక్కనే ఉంది. ఈ సాయంత్రం జనం లేస్తే తన ఆశే కాదు, తన గురువు పట్టిన పట్టు కూడా పందిట్లోంచి లేచి వెళ్ళిపోతుంది.

కమిటీవాళ్ళు మర్యాదకు ఈసారి సత్రంలో కాకుండా కొత్తగా కట్టిన హోటల్లో గది తీశారు. గది బాగుంది. బాత్రూం మరీ బాగుంది. నేల మీద మొహం చూసుకోవచ్చు. బకెట్టు లేదు. చెంబు లేదు. గోడలోంచి చేప తలలాగా ఒక పిడి పొడుచుకొచ్చి మెరుస్తోంది. దాని కింద గుండ్రటి మర ఒకటి. పక్కన పాతకాలపు టెలిఫోనులా వేలాడే చేతిజల్లు. నెత్తిమీద జల్లెడంత ఉక్కు పళ్ళెం. మోకాళ్ళ దగ్గర ఒక కుళాయి, తిప్పడానికి దానికి చెవీ లేదు, ముక్కూ లేదు. వేడికి ఎర్ర చుక్క, చన్నీళ్ళకు నీలం చుక్క పెట్టారుట. పెట్టే ఉంటారు. అవి కనబడాలంటే స్నానానికి భూతద్దం పట్టుకుని వెళ్ళాలి.

సువర్చలకు కావలసింది ఒంటిస్నానం. తలస్నానం పొద్దున్నే అయింది. సవరం కలిపి జడ వేసుకుంది, పూలు కూడా తురుముకుంది. కింది కుళాయి విప్పుదామని చేప తలను పైకెత్తింది. నీళ్ళు నెత్తిన పడ్డాయి. కార్తీకమాసపు చన్నీళ్ళు, పూల మీద, జడ మీద, కాసేపట్లో పద్యం ఎత్తుకోవలసిన గొంతు మీద. తలస్నానానికీ ఒంటిస్నానానికీ తేడా ఉందని ఆ గది కట్టినవాడికి తెలియదు. జన్మలో జడ మోయనివాడై ఉంటాడు.

వణుకుతూ పిడిని ఎడమకు తిప్పింది. చన్నీళ్ళే. ఇంకాస్త తిప్పింది. చన్నీళ్ళే. పళ్ళు కొట్టుకుంటూండగా ఆ చివరికంటా తోసింది. అప్పుడు వచ్చాయి వేడినీళ్ళు, కోడిని పెట్టి ఈకలు పీకచ్చు, అంత వేడి. కెవ్వుమని మూలకు దూకి, చెయ్యి చాపి కుడికి తిప్పింది. తగ్గలేదు. ఇంకా తిప్పింది. తగ్గలేదు. ఈ చివరికంటా లాగేసింది. మంచు పడింది. మళ్ళీ ఎడమకు తోసింది. ఈ మారు గుండ్రటి మర మీద కూడా నాలుగు దెబ్బలు వేసింది.

"ఏమైందే?" మంగతాయారు గారు గదిలోంచి కేకేశారు.

"నీళ్ళు, అమ్మగారూ."

"రావడం లేదా?"

"వస్తున్నాయండీ. అదే గొడవ."

ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని లోపలికి వచ్చారు. పాత చీర ఒంటికి చుట్టుకుని, జడ లోంచి చామంతి రేకులు కారుతూ శిష్యురాలు మూలకు నక్కి ఉంది. "ఇంతోటి పిడికా ఇంత గోల," అని ఆవిడ గుండ్రటి మరను పట్టి ఒక్క తిప్పు తిప్పారు. వేలాడే చేతిజల్లు కొక్కెం మీంచి ఎగిరి, పడగ విప్పి, ఆవిడ మొహాన ఛెళ్ళున కొట్టింది. కళ్ళజోడు పోయి తూము దగ్గర పడింది.

"పక్కకి జరగండి అమ్మగారూ."

"ఏ పక్కకే? అది నాలుగు పక్కలా కొడుతోంది."

సువర్చలకు నవ్వు తన్నుకొచ్చింది. చలీ కంగారూ మరిచిపోయి గోడకు చేరగిలబడి నవ్వింది. ఎదురుగా గురువు గారు ముక్కు కొసనుంచి నీళ్ళు కారుతూ ఆ నవ్వు అయ్యేదాకా నిలబడ్డారు. "బాగుంది. పిట్టకథ చెప్పకుండానే నవ్వుతున్నావు," అన్నారు.

తరవాత ఆవిడ అన్నీ కట్టేశారు. పాముని కొక్కేనికి తగిలించారు. మరను కింది కుళాయి వైపు తిప్పారు. పిడిని కొంచెం ఎత్తి, ఎడమకు కొంచెం జరిపి, చెయ్యి తీసేశారు. తీసేసి ఆ చేతిని రెండో చంకలో పెట్టుకున్నారు.

కుళాయి లోంచి ధార పడింది. సువర్చల కాలు పెట్టి చూసింది.

"చన్నీళ్ళేనండీ."

"ఊఁ."

"ఇంకాస్త తిప్పనా?"

చెయ్యి చాపగానే ఆవిడ ఛటుక్కున కొట్టారు. చిడతలు తప్పుగా పట్టుకున్న రోజుల్లో కొట్టినట్టే కొట్టారు.

"గీజరు చెడిపోయిందేమోనండీ."

"ఊఁ."

"కింద కారు వచ్చేసి ఉంటుంది. పైడిరాజు గారు ఇప్పటికే నా మీద గుర్రుగా ఉన్నారు."

"ఊఁ."

సువర్చల చెయ్యి చేప తల వైపు లాగుతోంది, దాన్ని రెండో చేత్తో పట్టుకుంది. గురువు గారు గోడ పలకల మీద వేలితో మెల్లగా తాళం వేసుకుంటున్నారు. ఇక రావు, ఇవి వచ్చే నీళ్ళు కావు అనుకుంటూండగా కాలి కింద చలి కొద్దిగా విరిగింది. ఇంకొంచెం విరిగింది. పసిపిల్లకు పోసేపాటి వెచ్చన అయింది. ఆ పైన పెరగలేదు, తగ్గలేదు. పిడి పెట్టినచోటే ఉంది.

"నీళ్ళు మేడ మీది నుంచి రావాలి," అన్నారు ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీ చెయ్యి ఇక్కడే ఉంది."

ఇంతే అని, తడి చీర పిండుకుంటూ వెళ్ళిపోయారు. సువర్చల స్నానం చేసింది. అది నీళ్ళ గురించిన మాటే అనుకుంది.

సవరం చీపురు కట్టలా తయారైంది, పనికి రాదు. ఉన్న జుట్టు తువ్వాలుతో ఒత్తి జారుముడి వేసుకుని, దాని మీదే పూలు చుట్టుకుని కారెక్కింది. పందిరి నిండా జనం. "ఇదేటే, తడి జుట్టుతో ఒచ్చీసినాది" అని ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ పక్కామెతో అంది. ఆ మాట వేదిక మీదికి వినిపించింది. ప్రార్థన అయింది, కథ ఎత్తుకుంది. పద్యాలకు తలలూగాయి. పిట్టకథ దగ్గరకు వచ్చింది.

"అమ్మల్లారా, ఒక ఊళ్ళో ఒక అత్తగారు. స్వామి ముందు నిలబడి, 'తండ్రీ, నా కోడలికి నోరు లేకుండా చెయ్యి' అని మొక్కుకుంది. స్వామి దయగలవాడు. మర్నాడు పొద్దున్నించీ కోడలు నోరు విప్పితే ఒట్టు. ఎంత తిట్టినా పలకదు. మూడో నాడు అత్తగారు రొప్పుకుంటూ మళ్ళీ గుడికొచ్చింది. 'స్వామీ, ఇచ్చెయ్యి తండ్రీ. నేనొక్కదాన్నే తిట్టుకుంటూంటే నాకే తోచడం లేదు.'"

ఎవరూ నవ్వలేదు.

వెయ్యి మొహాలు ఆమెను చూస్తున్నాయి. వెనక ఒకాయన కండువా దులుపుకుని లేచాడు. వేదిక వారన కూర్చున్న మంగతాయారు గారి పక్క కుర్చీలో పైడిరాజు లేవబోయి, ఆవిడ వైపు వంగి ఏదో అనబోయాడు. ఆవిడ అటు తల తిప్పలేదు. సువర్చల గొంతు దానంతట అదే పైకి లేవబోయింది. "అంటే ఏమిటంటేనమ్మా" పెదవి దాకా వచ్చింది. ఆమెను ఆదుకుందామని సూరన్న గారు కమాను ఎత్తారు. సువర్చల ఆయన వైపు చూసి వద్దని కన్ను ఆర్పింది. చిడతలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరగా చేర్చి పట్టుకుంది. మాట జనంలోకి వెళ్ళింది, ఎక్కడో ఉంది, ఎక్కడుందో తనకు కనబడదు. గుండె గజ్జెల్లోకి దిగి కొట్టుకుంటున్నట్టుంది. అయినా నిలబడింది.

ముందు వరసలో ముసలమ్మ గట్టిగా నిట్టూర్చింది.

"నిజిమేనే బుల్లీ. మా కోడలు కన్నోరింటికెళ్ళి నెలయిపోనాది. తిట్టుకోడానికి మనిసి లేక నా నోరు తుప్పట్టిపోతంది."

ఆడవాళ్ళ మధ్య నుంచి ఇంకో గొంతు లేచింది. "రేపే అంపుతాను ఒదినా. మా ఇంట్లో మాకూ నోళ్ళున్నాయి, దాని నోరు పెట్టుకోడానికి చోటు లేదు."

ముసలమ్మ వియ్యపురాలు అక్కడే ఉంది. ముందు ఆడవాళ్ళ వైపు భగ్గుమంది నవ్వు. అది మధ్యన అడ్డం కట్టిన తెర గుంజ దాటి మగవాళ్ళ మీద పడింది, వెనక వరసలకు పాకింది. లేచిన పెద్దమనిషి కండువా నోటికడ్డం పెట్టుకుని, లేచిన సంగతి మరిచిపోయి నిలబడే నవ్వుతున్నాడు. సూరన్న గారి కమాను తీగల మీద వణికి, పాట కాని చప్పుడేదో చేసింది. సువర్చల అప్పటికీ తొందరపడలేదు. నవ్వు చివరి మనిషి దగ్గర అణిగేదాకా ఉండి, అప్పుడు పద్యం ఎత్తుకుంది. ఆ పద్యాన్ని వాళ్ళు వినలేదు, తాగారు.

గంట అయింది. పైడిరాజు వేదిక తెర వెనకున్న మంగతాయారు గారి దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. "ఇంకో అరగంట ఈ పిల్లదాని చేతే చెప్పించండమ్మా. జెనం అడుగుతున్నారు."

"మొన్న నువ్వే కదా నాయనా వద్దన్నావు?"

"నేనేటి తెలిసినోడినండి, ప్రెసిడెంటుని."

సువర్చల చెమటతో, తడి జుట్టుతో, రొప్పుతూ వచ్చి గురువు గారి కాళ్ళ దగ్గర కూలబడింది. మొహం వెలిగిపోతోంది, మాట నిలవడం లేదు.

"అమ్మగారూ, ప్రాణం పోయిందనుకున్నాను. ఇంకొక్క క్షణమైతే నోరు తెరిచేసేదాన్ని. వస్తుందో రాదో తెలియదు. ఆ ముసలమ్మ అనకపోతే ఏమయ్యేదాన్నో. ఎంతసేపు ఆగాలో ముందే ఎలా తెలుస్తుందండీ?"

మంగతాయారు గారు చెంగుతో ఆ పిల్ల మెడ మీది చెమట అద్దారు.

"తెలిస్తే అది ఆగడం ఎందుకవుతుందే," అన్నారు. "లే. పిలుస్తున్నారు."