బుట్ట పట్టిన పోలవ్వ

ఎప్పటి మాటో చెప్పేవాళ్ళకీ తెలీదు, వినేవాళ్ళకీ తెలీదు. కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలం. అప్పట్లో కొండదేవర పిలిచినప్పుడు మనిషి ఏ రూపం అడిగితే ఆ రూపం వచ్చేది. అడగనివాడు మనిషిగానే ఉండి, మనిషిగానే పోయేవాడు.

పెత్తందారు శిఖరమయ్యాడు. వేటగాడు పులి అయ్యాడు. ఎవరి గొప్ప వాళ్ళు చూసుకున్నారు.

ఏటి ఒడ్డున పోలవ్వ అనే ముసలామె ఉండేది. ఆమెకు మిగిలింది తల్లీతండ్రీ లేని మనవరాలు సుక్కి ఒక్కతే. గింజలు అయిపోయిన నెలల్లో ఆ ఊరి తిండి మామిడి టెంకలోని జీడి. దాన్ని దంచి, బుట్టలో పోసి, పారే నీళ్ళలో నానబెడితేనే చేదు పోయి అంబలికి పనికొస్తుంది. ఆ ఏరేమో బుట్టనే ఎత్తుకుపోయేది. ఆకలికి ఆగలేక సుక్కి చేదు జీడే తిని, కడుపునొప్పితో పడకేసింది.

పోలవ్వ ఏట్లో దిగి, బుట్ట పట్టుకుని నిలబడింది.

"పోలీ, ఏమవుతావు?" అన్నాడు కొండదేవర.

"కాసేపాగు తండ్రీ. వదిలితే బుట్ట పోద్ది."

చేదు పోయిన జీడితో కాచిన అంబలి తాగి సుక్కి లేచి కూర్చుంది. అది చూసి ఊరి పిల్లలంతా బుట్టలు తెచ్చారు. "అవ్వా, మాది కూడా పట్టవా?"

పోలవ్వ మళ్ళీ దిగింది.

"పోలత్తా, హాయిగా నెమలివైపోరాదూ! సోకుగా ఉంటావు," అని నవ్వింది పక్కింటి జోగి.

"నెమలి బుట్ట పట్టుద్దేంటే?"

కొండదేవర రెండోసారి పిలిచాడు. "కాసేపాగు తండ్రీ. వదిలితే బుట్ట పోద్ది."

మూడోసారి పిలిచేసరికి ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. "పోలీ, నీ ఊపిరి అయిపోవచ్చింది. ఇదే ఆఖరు."

పోలవ్వ ఒడ్డునున్న పిల్లల్ని చూసింది. "నేను పోతే వీళ్ళ బుట్టలు ఎవరు పడతారు? నన్ను ఇక్కడే, ఇలాగే ఉంచు."

"రాయివవుతావు. ఎవరూ పూజ చెయ్యరు."

"రాయికి మోకాళ్ళు నొప్పి పుడతాయా?"

"పుట్టవు."

"అయితే అదే ఇయ్యి తండ్రీ."

పాదాలు రాయయ్యాయి. నడుము రాయైంది. చేతులు రాయయ్యాయి. "చేదు పోయిందాకా ఆత్రపడకమ్మా," అంది సుక్కితో. అదే చివరి మాట. సుక్కి ఏడ్చింది. ఏడుస్తూనే బుట్ట తెచ్చి ఆ చేతుల మధ్య పెట్టింది. బుట్ట కదల్లేదు.

శిఖరమైన పెత్తందారు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పోలవ్వ చచ్చిపోయిందని మాత్రం ఆ ఊళ్ళో ఎవరూ అనరు. ఏట్లో నిలబడి ఉందంటారు. ఈనాటికీ జీడి బుట్టలు ఆ రాతి చేతుల మధ్యే పెడతారు. చేదు పోయాక ఎంత ఆకలిగా ఉన్నా లాక్కోరు. "అవ్వా, ఇక వదులు," అని అడిగి తీసుకుంటారు.