అరటిపండు టీచర్

లోహితకు ఆ బళ్ళో ఒక్క పిల్ల మాత్రం లొంగలేదు. మిగతా పిల్లలంతా చెప్పిన చోట కూర్చుంటారు, చెప్పిన ఆట ఆడతారు. భావన ఒక్కతే కొరుకుడు పడలేదు.

బడి చీరాల్లో, నేతపనివాళ్ళ వీధి చివర ఉంది. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలు వస్తారు. బోర్డు మీద ఏం రాసి ఉన్నా ఊళ్ళో దాని పేరు ఎస్తేరమ్మ బడే. ఎస్తేరమ్మగారికి డెబ్బై దాటాయి. ఆ వీధిలో ఇవాళ మగ్గం నేస్తున్న వాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆమె చేత ముక్కు తుడిపించుకున్నవాళ్ళే. లోహిత పసిపిల్లల చదువులో శిక్షణ పొంది, అందరిలో మొదటగా నిలిచిన పిల్ల. గుంటూరులో పెద్ద బడి వాళ్ళు పిలిచినా కాదని, "మీ దగ్గర పని నేర్చుకుంటానమ్మా" అంటూ ఏరికోరి ఇక్కడికొచ్చింది.

నేర్చుకుంటానని వచ్చిన మనిషి వారం తిరక్కుండానే నేర్పడం మొదలుపెట్టింది!

ఆ బళ్ళో మూడు గదులు, మధ్యలో నడుమెత్తు తలుపులు. ఆ తలుపులకు గడియలున్నాయని కూడా ఎవరికీ గుర్తులేదు. పిల్లలు ఏ గదిలో పడితే ఆ గదిలో కలగాపులగంగా తిరిగేవాళ్ళు. లోహిత చూసి గుండె బాదుకున్నంత పని చేసింది. మూడేళ్ళవాళ్ళకు ఒక గది, అందులో ఇసుక, నీళ్ళ తొట్టి. నాలుగేళ్ళవాళ్ళకు ఇంకోటి, అందులో పూసలు, చెక్క ముక్కలు. ఐదేళ్ళవాళ్ళ గదిలో అంకెల పాచికలు. ఏ వయసుకు ఏ ఆటో, ఆ ఆటతో ఏం నేర్చుకోవాలో రంగుల అట్ట మీద రాసి గోడకు తగిలించింది. 'ఆటే చదువు' అని గుమ్మం మీద అందంగా రాసింది. ఆ తర్వాత గడియలు బిగించింది.

ప్రతిసారీ పెద్దావిణ్ణి అడిగే చేసింది. "మారుద్దామా అమ్మా?" అంటే ఎస్తేరమ్మగారు "కానీవమ్మా" అనేవారు. అంతకుమించి మంచీ లేదు, చెడ్డా లేదు. ఆవిడకు నచ్చిందనే లోహిత అనుకుంది. తను కట్టిన ఇల్లు తనే చూసుకుని మురిసిపోయినట్టు రోజూ ఆ మూడు గదులూ చూసుకుని మురిసిపోయేది.

ఆ మురిపానికి దిష్టిచుక్కలా భావన ఒకతి మిగిలింది. నాలుగు దాటి ఐదులో పడుతున్న పిల్ల. పూసల గదిలో కూర్చోబెడితే పూస ముట్టదు, నోరు విప్పదు. లోహిత అటు తిరిగిందా, తలుపు కింద నుంచి దూరి మూడేళ్ళవాళ్ళ ఇసుకలో తేలుతుంది. చెయ్యి పట్టి తీసుకొస్తే వస్తుంది, మళ్ళీ పోతుంది. బుజ్జగించినా అంతే, గదిమినా అంతే. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో లోహితకు ఇప్పటిదాకా తెలియదు.

చివరికి శుక్రవారం సాయంత్రం భావన తల్లి సుగుణమ్మతో చెప్పేసింది. "మీ పాపకు ఇంకా బళ్ళో కూర్చునే కుదురు రాలేదండీ. రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళండి. ఏడాదాగి చూద్దాం."

సుగుణమ్మ ముఖం వాడిపోయింది. "మాది గుంటమగ్గం అమ్మా. నేను గుంటలో దిగితే దీన్నెవరు చూస్తారు? ఇక్కడుంటే నాకు ధీమా." లోహిత మనసు చివుక్కుమంది. కానీ మూడు గదుల్లో ఏ గదికీ సరిపడని పిల్లను ఏం చెయ్యాలి?

శనివారం పొద్దున ఆ సంగతి ఎస్తేరమ్మగారికి చెప్పింది. పెద్దావిడ అవుననలేదు, కాదనలేదు. లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మూడు గదుల గడియలూ తనే తీసేశారు.

"అమ్మాయ్, పోయి ఆడుకో" అన్నారు.

"ఆడించాలా అమ్మా?"

"ఆడించొద్దు. ఆడుకో."

పిల్లలు అప్పటికే జాతరలా పెరట్లో పడ్డారు. పెరట్లో అక్కడక్కడా నల్లరాతి బండలున్నాయి. నేలా బండా ఆట మొదలుపెట్టారు. దొంగది నేల, మిగిలినవాళ్ళవి బండలు. కిందికి దిగి దొంగను ఉడికించాలి, దొంగ ముట్టుకునేలోపు బండెక్కాలి. దొరికినవాళ్ళు ఔటు, ఇక వాళ్ళే దొంగ. మొదటి దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకుంటున్న గుంపులోకి లోహిత కూడా చెయ్యి చాచింది.

ఐదేళ్ళ రిజ్వానా ఆ చెయ్యి వంక అనుమానంగా చూసింది. పెద్దపిల్లలు నలుగురు తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. తీర్పు చెప్పింది రిజ్వానాయే.

"టీచర్‌కి ఆట రాదు. టీచర్ ఆటలో అరటిపండు!"

లోహిత ముఖం కందిపోయింది. ఆటలో అరటిపండంటే ఎవరు? ఆట రాని పసివాళ్ళు మేమూ వస్తామని ఏడిస్తే, ఊరుకోబెట్టడానికి కలుపుకునేవాళ్ళు. వాళ్ళు పరిగెత్తొచ్చు, అరవొచ్చు, దొంగ చేతికి చిక్కొచ్చు. లెక్కలోకి మాత్రం రారు. అందరిలో మొదటగా నిలిచిన తను అరటిపండా! ఎస్తేరమ్మగారి వైపు చూసింది. ఆవిడ అరుగు మీద కూర్చుని తాపీగా పలకలు తుడుచుకుంటున్నారు.

సరేనని చున్నీ నడుముకు బిగించి దిగింది. దిగీ దిగగానే దొంగకు దొరికింది. "అరటిపండులే" అంటూ వాడు వదిలేసి పోయాడు. మళ్ళీ దొరికింది. మళ్ళీ వదిలేశాడు. అంతకన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది అనిపించింది.

అంతలో ఒక చిన్న చెయ్యి ఆమె వేలు పట్టుకుంది.

"అది నేల టీచర్. ఇటు రా. ఇది బండ."

భావన! రెండో చేత్తో మూడేళ్ళ దావీదును పట్టుకుని ఉంది. వాడూ అరటిపండే.

"మొదట పొట్టి బండెక్కాలి. తర్వాత పొడుగుది. దొంగ అటు తిరిగినప్పుడు దిగాలి. దావీదూ, టీచర్‌కి చూపించు ఎట్లా దిగాలో." దావీదు చూపించాడు. కాలు జారి కూలబడ్డాడు. భావన వాణ్ణి లేపి, మోకాలి మట్టి దులిపి, లోహిత వైపు తిరిగింది. ముఖంలో ఎంత పెద్దరికమో!

"పడితే భయం లేదు టీచర్. అరటిపండు ఔటవదు."

రోజూ ఆ ఇసుక గదిలో ఈ పిల్ల ఏం చేస్తోందో ఒక్కసారైనా ఆగి చూశానా అనుకుంది లోహిత. పొట్టి, పొడుగు, ముందు, వెనక, అటు, ఇటు. తను గోడ మీద రాసిన పాఠాలన్నీ ఈ పిల్ల నోటి నుంచి గడగడా వస్తున్నాయి. ఆ గర్వం ఎక్కడినుంచి పొంగుకొచ్చిందో గానీ, ఇది నా బడి పిల్ల అని వీధి వీధంతా వినిపించేలా అరవాలనిపించింది.

అరవలేదు. ఆడింది. పొట్టి బండ, పొడుగు బండ. దొంగ అటు తిరగ్గానే దిగింది, ఇటు తిరిగేలోపు ఎక్కింది. దావీదు చప్పట్లు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే సుగుణమ్మ పెరటి గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ చూడలేదు. పెరట్లో పెద్ద చర్చ నడుస్తోంది. భావన నేరుగా రిజ్వానా దగ్గరికి పోయి, అందరికీ వినబడేలా చెప్పింది.

"టీచర్‌కి ఆట వచ్చేసింది. ఇంక అరటిపండు కాదు."

రిజ్వానా లోహితను కిందినుంచి పైదాకా చూసి తలూపింది. అలా తలూపిందో లేదో, నేల మీదున్న లోహిత వీపు మీద చరిచాడు దొంగ.

"టీచర్ ఔటు! టీచర్ దొంగ!"

పెరడంతా కేకలు. శిక్షణలో మొదటి బహుమతి అందుకున్న రోజున కూడా లోహిత ఛాతీ అంత పొంగలేదు.

"ఏమ్మా, పిల్లను తీసుకుపొమ్మన్నారు గదా" అంది సుగుణమ్మ బెరుగ్గా.

"ఇప్పుడు కుదరదండీ, నేను దొంగను!" అంది లోహిత ఆయాసపడుతూ. "నాకు ఆట నేర్పిన పిల్ల. దాన్ని పంపిస్తే నాకు గడవదు. సోమవారం ఎప్పట్లాగే తీసుకురండి."

సుగుణమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. తన కూతురు పొడుగు బండ మీద నిలబడి అంతమందికి ఆట చెబుతుంటే గేటు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, మగ్గం గుర్తొచ్చి గబగబా వెళ్ళిపోయింది.

పిల్లలు వెళ్ళిపోయాక లోహిత వచ్చి ఎస్తేరమ్మగారి పక్కన అరుగు మీద కూలబడింది. మోకాళ్ళ నిండా మట్టి.

"అమ్మా, నేను గదులు మార్చాను, గడియలు పెట్టాను, పిల్లను ఇంటికి పంపబోయాను. ఇన్నాళ్ళూ మీరు ఒక్కసారైనా తప్పని అనలేదేం?"

ఎస్తేరమ్మగారు చివరి పలక తుడిచి పక్కన పెట్టారు.

"అరటిపండును ఎవరన్నా ఔటంటారా అమ్మాయ్?"

లోహిత తల వంచుకుంది. పెద్దావిడ ఆమె చున్నీ అంచుకు అంటిన మట్టిని తన చేత్తో దులిపారు.

"సోమవారం నుంచి అంటాలే" అన్నారు.