రాగితొట్టి, రాతితొట్టి

పూర్వం వేలాపురి రాజుగారికి ఒక అద్దకశాల ఉండేది. అక్కడ బట్టలపై పూలు ముద్రించే చెక్క అచ్చులను కడిగే పని ముసలి పైడమ్మది. రాతితొట్టిలో కుంకుడు రసం పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, చెక్కడపు లోతుల్లోని రంగును ఆమె వదిలించేది.

శాలాధికారి విఠలామాత్యుడు నగిషీల రాగితొట్టి ఒకటి తెప్పించాడు. గీతలు పడతాయని అందులో పీచు వాడనివ్వక, అచ్చులను ఊరికే ముంచి తీయించాడు. "ఇక ఆ రాతితొట్టీ వద్దు, ఆ ముసలిదీ వద్దు" అని రాజుకు విన్నవించాడు.

రాజు పరీక్ష పెట్టాడు. ఎర్రరంగు పట్టిన అచ్చులను తొట్టికి యాభై చొప్పున కడిగారు. రాగితొట్టి నీరు తేటగా మెరిసింది. రాతితొట్టి నీరు చిక్కగా ఎర్రబారింది.

"చిత్తగించారా ప్రభూ, ఆ రోత!" అని అమాత్యుడు నవ్వాడు.

పైడమ్మ చేతులు జోడించింది. "వదిలిన రంగు నా తొట్టిలో ఉంది మారాజా. అయ్యగారి తొట్టిలో లేని రంగు మరెక్కడుంది? నేను కడిగిన అచ్చును నా తెల్లకోకపై ఒత్తుతాను. వారు కడిగించినదాన్ని వారి ఉత్తరీయంపై ఒత్తుకోమనండి."

ఆమె ఒత్తింది. కోకపై తడి తప్ప మరక లేదు. అమాత్యుడు మాత్రం తన పట్టు ఉత్తరీయాన్ని గబగబా చుట్టి చంకలో దాచుకున్నాడు.

"తీర్పు మీరే చెప్పారు, అమాత్యా!" అన్నాడు రాజు.

ఆనాడే రాగితొట్టి నెమళ్లకు నీళ్లు పెట్టడానికి తోటకు చేరింది. శాలకు ఏ తొట్టి కొనాలన్నా పైడమ్మ అనుమతి పొందాలని అమాత్యుడికి ఆజ్ఞ అయింది.