ఇసుకలో నిలబెట్టిన గెడ

"ఇసుక మేట చూసి కూడా చెప్పలేదు నువ్వు," అంది నల్ల పడవ ఆవిడ.

"నేను దిగబడ్డ రోజున నువ్వు చెప్పావేంటి వదినా?" అన్నాడు ఎర్ర పడవ అతను.

ఈ తగువు పాతదే. ఏట్లో ఎదురుపడ్డప్పుడల్లా, క్రితంసారి ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి ఎత్తుకుంటారు.

ఆ రేవులో ఉన్నవన్నీ పిల్లల్ని దాటించే పడవలు. బడి అవతలి ఒడ్డున ఉంది. ఏరు పెద్ద లోతేం కాదు గానీ నిలకడ లేనిది. ఇవాళ నీళ్లున్న చోట రేపు ఇసుక మేట వేస్తుంది. పైనుంచి చూస్తే తెలీదు. పడవ దానిమీదికి ఎక్కి ఆగినప్పుడే తెలుస్తుంది.

ఇదివరకు ఎవరి పడవ మేట ఎక్కితే వాళ్లు అక్కడో కర్ర పాతి, గుడ్డపీలిక కట్టి వచ్చేవాళ్లు. వెనకొచ్చేవాళ్లు అది చూసి పక్కనుంచి పోయేవాళ్లు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. జరిగిపోయేది.

తర్వాత రేవుకి కొత్త పెద్ద వచ్చాడు. ఆయనా పడవ నడిపినవాడే. పాతికేళ్లు పడవ తోసే గెడ వేసి ఒక్కసారి కూడా మేట ఎక్కలేదని పేరు. ఆ పేరు చూసే కుర్చీ ఇచ్చారు. చెడ్డవాడేం కాదు. పిల్లలు వేళకి బడికి చేరాలని ఆయన ఆరాటం. అందుకో పద్ధతి పెట్టాడు. మేట ఎక్కిన ప్రతిసారీ రూపాయి పావలా జరిమానా, రేవు పాకలో ఉన్న రేకు డబ్బాలో వెయ్యాలి. మూడుసార్లు వేసినవాళ్ల పడవ ఒడ్డుకి లాగేస్తారు. ఇంక గెడ పట్టడానికి లేదు.

ఇంకోటి కూడా పెట్టాడు. రోజూ సాయంత్రం అందరూ పాకలో కూచుని, తెలిసింది ఒకళ్లకొకళ్లు చెప్పుకోవాలి. టీ ఖర్చు ఆయనదే.

మంచిదే. కాకపోతే కర్ర పాతినవాడు మేట ఎక్కినట్టే కదా. కొత్త కర్రలు రాలేదు. పాతవి కూడా ఎవరో పీకేశారు. ఏరు నున్నగా కనబడింది.

"చూశారా, మేటలే లేవు," అన్నాడు పెద్ద.

సాయంత్రం వరసగా అడిగేవాడు.

"ఏటి సంగతేంటి?"

"బాగుందండి."

"నువ్వేం తెలుసుకున్నావు?"

"అదేనండి. బాగుందని."

టీ తాగి పోయేవాళ్లు. పోతూ ఒకళ్ల కాళ్లు ఒకళ్లు చూసుకునేవాళ్లు. మోకాళ్ల దాకా బురదుంటే, దిగి పడవ తోశారని అర్థం. అది తెలిశాక అందరూ కాళ్లు కడుక్కున్నాకే పాకలోకి రావడం మొదలెట్టారు.

నల్ల పడవ ఆవిడ మొగుడు పోయాక గెడ పట్టింది. ఆ పడవే ఆవిడ కూడు. అప్పటికే డబ్బాలో రెండుసార్లు వేసింది, పిల్లలు ఇళ్లకెళ్లి చెప్పేసినందుకు. మూడోసారి ఎక్కినప్పుడు పడవలో ఎవరూ లేరు. నడి ఏట్లో, పెద్ద ధార పక్కన, ఎప్పుడూ లేని చోట మేట. ఖాళీ పడవ కాబట్టి నెట్టుకుని బయటపడింది. కాళ్లు కడుక్కుని, పాకలో కూచుని, "బాగుందండి" అంది.

తెల్లారేసరికి మంచు. పిల్లల్ని ఎక్కించుకుని ఆవిడ మేట పక్కనుంచి తిప్పుకుపోయింది. వెనక ఎర్ర పడవ వస్తోంది. కనబడటం లేదు. అందులో పిల్లలు పదమూడో ఎక్కం చదువుతున్నారు. ఆ చదువు తిన్నగా మేట మీదికే వస్తోంది. నిండు పడవ అక్కడ ఆగితే ధార దాన్ని అడ్డం తిప్పి బోర్లేస్తుంది.

"ఎగువకి తిప్పు. మేటుంది," అని అరిచింది.

"నీ మాట విని నేను ఎక్కాలి, నువ్వు నవ్వాలి. పో వదినా, పో," అన్నాడు మంచులోంచి.

ఎక్కం దగ్గరపడింది. ఆవిడ పడవ వెనక్కి నెట్టింది. పడవ తాడు నడుముకి కట్టుకుని మేట మీదికి దూకి, చేతిలో గెడ నిలువునా గుచ్చింది. చీర చెంగు చింపి దానికి కట్టింది. ఆ గెడకి నడుమ ఇత్తడి కట్టుంది. ఎవరిదో ఏటిమీద అందరికీ తెలుసు.

ఎర్ర పడవ మంచులోంచి బయటపడింది. అతను గెడ చూశాడు. నవ్వడానికైతే సొంత గెడ ఎవరూ పాతరు. గబుక్కున తిప్పాడు. పడవ ఇసుకని రాసుకుంటూ పోయింది. ఎక్కం ఆగలేదు.

ఆవిడ మళ్లీ తన పడవెక్కి, కాళ్ల కింద పరిచిన చెక్కొకటి ఊడదీసి, దాంతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డు చేరింది.

ఆ రోజు పడవలన్నీ ఆ గెడ పక్కనుంచే తిరిగాయి.

సాయంత్రం పాకలో టీ ఎవరూ ముట్టుకోలేదు.

"ఆ గెడెవరిది?" అన్నాడు పెద్ద. ఆయనకీ తెలుసు.

"నాదేనండి. నిన్న ఎక్కాను. బాగుందని అబద్ధం చెప్పాను." ఆవిడ కాళ్లు కడుక్కోలేదు. లేచి డబ్బాలో రూపాయి పావలా వేసింది.

"మూడు," అన్నారు వెనకెవరో.

ఎర్ర పడవ అతను లేచాడు. "దాని దిగువనే ఇంకోటుందండి. అక్కడ నేను..." అంటూ పెద్ద మొహం చూసి ఆగిపోయాడు. మిగతా అందరూ కూడా ఆ మొహమే చూస్తున్నారు. ఇంకెన్ని మేటలు బయటికొస్తాయో, ఎన్ని లోపలే ఉండిపోతాయో ఆ మొహాన్ని బట్టే.

బయట నల్ల పడవ గట్టుకి కొట్టుకుంటున్న చప్పుడొస్తోంది. పెద్ద కుర్చీలోంచి లేచాడు.

"నీది తర్వాత చెబుదువు గాని," అన్నాడు ఎర్ర పడవ అతనితో. "ముందు నాది."

రొంటిన దోపుకున్న డబ్బులు తీశాడు. డబ్బా ముందు కూచుని, ఒక్కో మేటా గుర్తు చేసుకుంటున్నట్టు ఆగి ఆగి, రూపాయి పావలా చొప్పున వేశాడు. అయిపోయిందనుకున్నారు. ఇంకా వేశాడు.

అంతా కలిపి పన్నెండున్నర రూపాయలు.