కొండని తిప్పలేం ప్రభూ

"ఊరికో పుస్తకం ఇచ్చాం. నలభై మంది పిల్లలూ దాంతోనే చదివేస్తున్నారట. ఇంకా ఎందుకయ్యా నీ గోల?"

ఒకానొక రాజ్యంలో, నిండు కొలువులో వజ్రబాహు మహారాజు అరిచిన అరుపిది. ఎదురుగా నిలబడ్డవాడు కూర్మయ్య, ఆస్థానంలో తాటాకు పుస్తకాలు చూసుకునేవాడు.

"పిల్లకో పుస్తకం కావాలి ప్రభూ. గంటం పట్టి రాసేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మీరు ఖజానా తలుపు తీస్తే చాలు."

"ఖజానా మా కొండకి!"

ఆ కొండ సంగతి చెప్పాలి. కోట పక్కనే ఉంటుంది, నల్లగా. పొద్దున్నే మంచు పడితే నేలకి అంటకుండా తేలుతున్నట్టు కనిపిస్తుంది. దానిమీద ఏనుగంతేసి అక్షరాలతో తన గొప్పలు చెక్కించాలని రాజుగారి కోరిక. కలలో కూడా ఆ అక్షరాలు వరసకట్టి వచ్చి ఆయనకి దణ్ణం పెట్టిపోయేవి.

"సరే ప్రభూ, అలాగే కానివ్వండి. చెక్కేముందు మీ జనం దాన్నెలా చదువుతారో ఒక్కసారి చూసుకోండి."

రాజుగారికి ఈ మాట నచ్చింది. పొగడ్త ఇంకోసారి వినొచ్చు కదా!

మర్నాడు కూర్మయ్య ఓ ఊరి బడినుంచి పైడి అనే తొమ్మిదేళ్ళ పిల్లని తీసుకొచ్చాడు. కొండమీద చెక్కబోయే మాటలున్న తాటాకుని రాజుగారు స్వయంగా ఆమె చేతికిచ్చారు.

పైడి దాన్ని తలకిందులుగా తిప్పింది.

"నా పేరే తలకిందులు చేస్తావా!" రాజుగారు సింహాసనం దిగారు. "దీనికి చదువే రాదు. ఆ బడి మూయించండి!"

పైడి ఆకుని అలాగే తలకిందులుగా పట్టుకుంది. చదివింది. గడగడా, ఒక్క తప్పు లేకుండా, చివరి బిరుదు దాకా.

రాజుగారు నోరు తెరిచారు. "ఏదీ, సరిగ్గా పట్టుకుని చదువు."

పిల్ల ఆకు తిప్పి చూసింది, కొత్తవాళ్ళ మొహం చూసినట్టు.

"ఇలా రాదండి. మా బళ్ళో పుస్తకం మధ్యలో పెడతారు, చుట్టూ కూర్చుంటాం. నాది ఎదురువైపు. నాకు తలకట్లు కిందకుంటాయి, పాదాల్లాగ. వాటిమీద అక్షరాలు నడుచుకుంటూ వెళ్ళిపోతాయండి... కోడిపిల్లల్లాగ."

కొలువులో అందరూ ఆ కోడిపిల్లల వెనకే పోయినట్టున్నారు.

కూర్మయ్య మెల్లగా అన్నాడు. "పక్కల కూర్చున్నవాళ్ళకి అక్షరాలు పక్కకి ఒరిగి ఉంటేనే చదవడం వచ్చు ప్రభూ. తాటాకు కాబట్టి ఈ పిల్ల తిప్పుకుంది. కొండని తిప్పలేం. నాలుగు వైపులవాళ్ళకీ నాలుగు కొండలు చెక్కించండి. లేదంటే జనం మీ కొండ ముందు తలకిందులుగా నిలబడాలి. కాళ్ళు మీవైపు ఎత్తి పొగిడితే మరి మీకు బావుంటుందో లేదో!"

రాజుగారు తాటాకు తీసుకుని తిప్పి పట్టుకున్నారు. మెడ వంచారు. ఇంకాస్త వంచారు. కిరీటం జారి పైడి కాళ్ళదగ్గర పడింది.

"నిజమేనే పిల్లా, నడుస్తున్నాయి!"

నవ్వారు. పడీపడీ నవ్వారు. కూర్మయ్య చేతికి తన కంకణం తొడిగి, కొండ పని ఆపించి, ఖజానా తాళం గంటం పట్టేవాళ్ళ కోసం తీయించారు.

కోతలైపోయేసరికి పైడికి సొంత పుస్తకం వచ్చింది. ఒళ్ళో తిన్నగా పెట్టుకుని చాలాసేపు చూసిందట. అక్షరాలు నడక ఆపి, ఆమెకేసే చూస్తున్నాయట.

అవునూ, మీ బళ్ళో మీరు పుస్తకానికి ఏ వైపు కూర్చున్నారు?